కెమెరా వెనక ఎవలు? సినిమా కోర్సు తీసుకునే ముందు మన రెండు జిల్లాల చరిత్ర



డిగ్రీ రిజల్ట్స్ వచ్చినప్పటి నుంచి మన పిల్లలు కొందరు ఒకే ప్రశ్న అడుగుతున్నరు. యూనివర్సిటీలో సినిమా, టీవీ ప్రొడక్షన్ కోర్సు చేస్తే ఎట్లుంటది? దేవరకొండ దిక్కు ఒక తండా చెల్లె అయితే అప్లికేషన్ అంతా నింపి, ఫీజు కట్టే కాడ ఆగిపోయింది. బాపు వద్దన్నడు. "బీఈడీ చెయ్ బేటీ, డీఎస్సీ పడితే మన దగ్గర్నే ఉంటవు. సినిమాల మనకెవలున్నరు?" అన్నడట. బాపు మాటను కొట్టిపారేయలేం. ఆయన తరంలో టీచరో కానిస్టేబులో అయినోళ్ల ఇల్లే తండాల ముందుగాల స్లాబు పడ్డది. ఆ స్లాబు చూసే మిగతా ఇండ్ల పిల్లలు బడికి పోయిన్రు.

గని "సినిమాల మనకెవలున్నరు" అన్న మాట మమ్మల్ని వదల్లేదు. ఫీజు ఎంత, సీట్లు ఎన్ని అన్నది నోటిఫికేషన్ చూస్తే తెలుస్తది. నోటిఫికేషన్‌ల ఉండనిది ఇంకోటుంది. మన పాలమూరు, నల్గొండ గుట్టలకు, తండాలకు, పెంటలకు కెమెరా ఎప్పుడెప్పుడు వచ్చింది, ఎవలు పట్టుకొచ్చిన్రు, వచ్చి ఏం చూసి పోయిన్రు? అది తెలిస్తే కోర్సు తీసుకోవాలెనా వద్దా అన్నది వేరే తీరుగ కనిపిస్తది. అందుకే ఈ పోస్టు. పొడుగుంది, ఓపిక చేసుకొని చదవండి.

మొదలు అమ్రాబాద్ గుట్టల కాడికి పోదాం. ఇప్పుడది నాగర్‌కర్నూల్ జిల్లా, అప్పుడు నిజాం రాజ్యంల మహబూబ్‌నగర్ జిల్లా. 1939లో వియన్నా నుంచి క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త మన దేశానికి వచ్చిండు. ఆస్ట్రియాను హిట్లర్ అప్పటికే కలిపేసుకున్నడు కాబట్టి ఆయన చేతిల ఉన్నది జర్మనీ పాస్‌పోర్టు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది, బ్రిటిష్ వాళ్ల లెక్కల ఆయన శత్రుదేశం మనిషి అయిండు. హైదరాబాద్ రాజ్యం దాటి పోవద్దని కట్టడి పెట్టిన్రు. గట్ల ఒక యుద్ధం, ఒక పాస్‌పోర్టు పుణ్యాన ఆయన 1940లో భార్య బెట్టీతో కలిసి చెంచుల పెంటలకు చేరిండు. నెలల తరబడి వాళ్లతోనే ఉండి గడ్డలు తవ్వుడు, తేనె తీసుడు, గుడిసె కట్టుడు అన్నీ రాసుకున్నడు, ఫోటోలు తీసుకున్నడు. 1943లో పుస్తకం వచ్చింది, "ది చెంచూస్" అని.

అదే 1943లో మద్రాసుల ఒక తెలుగు సినిమా కూడా వచ్చింది. పేరు "చెంచులక్ష్మి". నరసింహస్వామి చెంచు పిల్లను పెండ్లి చేసుకున్న అహోబిలం కథ. చెంచు పిల్ల వేషం కట్టింది కమలా కోట్నీస్. 1958లో అదే కథ మళ్ల తీసిన్రు. ఈసారి అంజలీదేవి, అక్కినేని నాగేశ్వరరావు. తెలుగు జనం చాలామందికి చెంచు ఆడమనిషి అంటే ఈ సినిమా వేషమే కండ్లల్ల కదులుతది. అమ్రాబాద్ పెంటల్లో ఉన్న మనిషి కాదు.

పుస్తకం, సినిమా రెండూ ఒకే ఏడు వచ్చినయి. రెండూ బయటివాళ్లవే. గని రెండింటినీ ఒకే గాట కట్టలేం. హైమెండార్ఫ్ అడవిల ఉండి చూసిండు, చూసింది రాసిండు. ఆయన చెప్పినంక నిజాం సర్కారు అమ్రాబాద్‌ల చెంచులకు కొంత అడవిని వేరే కేటాయించింది, తర్వాత ఆయననే గిరిజనుల విషయాల సలహాదారుగ పెట్టుకుంది. కాగితం, ఫోటో చేతిల ఉన్న మనిషి మాట దర్బారుల చెల్లింది. అదే మాట చెంచు పెద్దమనిషి పోయి చెప్తే చెల్లేదా? ఈ ప్రశ్నను యాది పెట్టుకోండి, మళ్ల మళ్ల వస్తది.

ఇగ 1975. ఈ ఏడాది గురించి మన పిల్లల్లో చాలామందికి తెల్వదు. మాకు కూడా పీజీల చేరినంకనే తెలిసింది.

ఆ ఏడు ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాక మన దేశంల సైట్ అనే ప్రయోగం నడిచింది. అమెరికా నాసా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఒక ఏడాదికి అడిగి తీసుకొని, ఇస్రో, ఆకాశవాణి కలిసి ఆరు రాష్ట్రాల్లోని 2400 పల్లెలకు టీవీ చూపించినయి. ఆంధ్రప్రదేశ్‌ల ఎంచుకున్న జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. అప్పటికి హైదరాబాద్ పట్నంల ఇండ్లల్ల టీవీ లేదు. కోడిగూళ్లకు వాడే జాలీతో చేసిన మూడు మీటర్ల గొడుగు, దాని కింద బడి కాడనో పంచాయతీ కాడనో ఒక పెట్టె. కేబుల్ టీవీ రాకముందే, రంగుల టీవీ రాకముందే, పట్నం కంటే ముందుగాల పాలమూరు పల్లెకు నేరుగ ఆకాశం నుంచి బొమ్మ దిగింది. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, కొంచెం ఆటపాట.

ఆ కార్యక్రమాలు తయారు చేసేటందుకు ఢిల్లీ, కటక్, హైదరాబాద్‌లల్ల కేంద్రాలు పెట్టిన్రు. మొత్తం నాలుగు భాషల్ల ప్రసారం: హిందీ, ఒడియా, తెలుగు, కన్నడ. గోర్ బోలి లేదు. చెంచుల మాటతీరు లేదు. దీంట్ల ఆశ్చర్యపడేది ఏం లేదు. తెలంగాణ ప్రాంతంల లంబాడాలకు ఎస్టీ జాబితాల చోటు 1976 చట్టంతోనే వచ్చింది. అంటే సైట్ మొదలైన నాటికి సర్కారు కాగితంల మనం గిరిజనులమే కాదు, ఇగ మన భాషల టీవీ అడిగేది ఎవలు? ఏడాది అయిపోయినంక ఉపగ్రహాన్ని వాళ్లు తీసుకపోయిన్రు. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ ప్రసారాలు మొదలైనయి. ట్రాన్స్‌మిటర్ అందినంత దూరం బొమ్మ వచ్చింది. దాని అవతల ఉన్న పల్లెలల్ల జాలీ గొడుగు ఉత్త జాలీ అయింది.

సైట్ చేసిన మేలు చిన్నది కాదు. గని ఆ ఏడాది మనోళ్లు కూసున్నది పెట్టె ముందే. పెట్టెలకు పోయేది ఏందో తేల్చే గదిల మనోళ్లు లేరు. గుజరాత్‌ల ఖేడా జిల్లాల అదే 1975లో ఇంకో పద్ధతి మొదలైంది. పీజ్ అనే ఊర్లె చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టి, ఇస్రో వాళ్లు ఊరి మనుషులతోనే కథలు చెప్పించి, వాళ్లతోనే వేషాలు కట్టించి, కూలి రేట్ల గొడవల నుంచి అంటరానితనం దాక వాళ్ల భాషల చూపించిన్రు. ఒకే దేశం, ఒకే సంస్థ. ఒక కాడ జనం చూసిన్రు, ఇంకో కాడ జనం చేసిన్రు.

అదే 1975లో నల్గొండ జిల్లాకు కూడా ఒక కెమెరా కథ ఉంది. శ్యామ్ బెనగల్ తీసిన "నిశాంత్" ఆ ఏడు విడుదలైంది. భూస్వాముల దౌర్జన్యం మీద సినిమా, పోచంపల్లిల తీసిన్రు. 1951లో వినోబా భావేకు వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తనని భూదానం మొదలుపెట్టిన ఊరే అది. బెనగల్ అల్వాల్ దిక్కు పెరిగిన మనిషి, నేల తెలిసినోడే. గని సినిమా హిందీల ఉంటది. దాంట్ల షబానా ఆజ్మీ, నసీరుద్దీన్ షా ఉన్నరు. ఇద్దరూ పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌ల చదువుకొని వచ్చినోళ్లు. నసీరుద్దీన్‌కు అదే మొదటి పెద్ద సినిమా. అంటే సినిమా చదువు అనేది మన జిల్లా నేల మీదికి 1975లోనే నడుచుకుంట వచ్చింది. మన పిల్లలు ఆ చదువు కాడికి నడుచుకుంట పోలేదు, అంతే తేడా.

నాలుగేండ్లకు "మాభూమి" వచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటం మీద మనసు పెట్టి తీసిన సినిమా. నిర్మాత మన మెదక్ మనిషి బి.నర్సింగరావు. డైరెక్షన్‌కు మాత్రం కలకత్తా నుంచి గౌతమ్ ఘోష్‌ను పిలవాల్సి వచ్చింది. తర్వాత నర్సింగరావే "రంగులకల", "దాసి" తీసిండు. ఆ సినిమాల గురించి చెప్పాలంటే ఇంకో పోస్టు కావాలె.

నల్గొండ నుంచి సినిమాకు పోయినోళ్లే లేరా అంటే ఉన్నరు. కోదాడ దిక్కు గుడిబండ నుంచి కాంతారావు పోయిండు, తుంగతుర్తి నుంచి ప్రభాకర్ రెడ్డి డాక్టర్ చదివి పోయిండు. ఇద్దరూ మద్రాసుకు పోయిన్రు, ఎందుకంటే అప్పుడు తెలుగు సినిమా అక్కడ ఉండె. మద్రాసుల ఏండ్లకేండ్లు ఆగాలంటే వెనక భూమన్నా ఉండాలె, పెద్ద చదువన్నా ఉండాలె. తండా పిల్లగానికి రెండూ లేవు. సాగర్ డ్యామ్ కట్టినప్పుడు కూలికి పోయినోళ్లు, భూములు మునిగినోళ్లు ఆ రోజుల్లో మద్రాసు స్టూడియో గేటు కాడ నిలబడి ఛాన్సులు అడుగుతరా?

ఇప్పుడు కష్టమైన భాగం. 1999లో, మళ్ల 2001లో దేవరకొండ, చందంపేట దిక్కు తండాలకు కెమెరాలు గుంపులు గుంపులుగ వచ్చినయి. లంబాడ ఆడపిల్లలను పసికందులప్పుడే దత్తత పేరుతోని అమ్ముతున్నరని వార్త. దత్తత కేంద్రాల వెనక దేశం అవతలి దాక నడిచే పైసల వ్యాపారం బయటపడ్డది. వార్త అబద్ధం కాదు. జరిగింది, తప్పు జరిగింది. గని మాలో కొందరికి ఆ రోజులు యాది ఉన్నయి. టీవీల యాడి మాట్లాడుతుంటది. గోర్ బోలిల చెప్తుంటది. రెండు ముక్కలు వినిపియ్యంగనే ఆమె గొంతు తగ్గిపోతది, మీద నుంచి ఇంకెవలిదో తెలుగు గొంతు వస్తది. ఆ గొంతు చెప్పేది ఒక్కటే: పేదరికంల పిల్లను అమ్ముకున్న తల్లి. ఆమె నిజంగ ఏం చెప్పిందో, ఎంతసేపు చెప్పిందో ఎవలికీ తెల్వదు. బస్సుల, హాస్టల్ల "మీ తండాలల్ల పిల్లల్ని అమ్ముతరంట కదా" అని అడిగించుకున్న అక్కలు ఇప్పుడు మన పిల్లల తల్లులు.

అదే విషయం మీద గీతా రామస్వామి, మన లంబాడ చరిత్రకారుడు భంగ్యా భుక్యా కలిసి 2000ల మొదట్ల "ది లంబాడాస్: ఎ కమ్యూనిటీ బిసీజ్డ్" అనే అధ్యయనం రాసిన్రు. దక్షిణ తెలంగాణ తండాల మీదనే అది. అడవి, పశువులు, భూమి ఎట్ల చేయిజారిపోయినయి, ఒకప్పుడు పిల్ల తరఫుకు ఓలి ఇచ్చే కులంల వరకట్నం ఎట్ల చొరబడ్డది, ఆడపిల్ల పుట్టుడే భారం ఎట్ల అయింది, ఇవన్నీ వెనకకు పోయి చూపించిన్రు. భుక్యా తర్వాత నిజాం పాలనల లంబాడాల చరిత్ర మీద "సబ్జుగేటెడ్ నోమాడ్స్" రాసిండు, 2010లో అచ్చయింది. ఇప్పుడు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల ప్రొఫెసర్.

చూడండి, సంఘటన ఒక్కటే. టీవీల వచ్చింది ఒక తీరు, చదువుకున్న మన మనిషి చెయ్యి పడ్డ పుస్తకంల వచ్చింది ఇంకో తీరు. పుస్తకం కొన్ని వందల మంది చదివిన్రు, టీవీ లక్షల మంది చూసిన్రు. ఆ రోజు ఎడిటింగ్ గదిల గోర్ బోలి వచ్చిన మనిషి ఒక్కరు కూసొని ఉంటే? ఇరవై నిమిషాల టేపులకెల్లి నిమిషంనర వార్త కోసేటప్పుడు, ఏ మాట కాడ కత్తిరించాలె, ఏ మాట ఉంచాలె అన్నది భాష వచ్చిన మనిషికే తెలుస్తది. భాష రానోడు మొఖం చూసి కోస్తడు. ఏడ్చిన కాడ ఉంచుతడు, చెప్పిన కాడ తీస్తడు. ఇది దుర్మార్గం కూడా కాదు, పని తెలిసి భాష తెల్వకపోవుడు.

బయటివాళ్లు కెమెరా పట్టుకున్న ప్రతిసారీ చెడే జరిగిందని మేం అంటలేం. పైన చెప్పిన సైట్ నుంచే పుట్టిన మంచి కథ ఒకటి చెప్తం. పి.వి.సతీష్ అని ఒక దూరదర్శన్ ప్రొడ్యూసర్, సైట్ కార్యక్రమాలల్ల ముఖ్యంగ పనిచేసిన మనిషి. తర్వాత జహీరాబాద్ దిక్కు పస్తాపూర్‌ల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని నడిపిండు. 2023లో చనిపోయిండు. 1990ల చివర అక్కడి సంఘం ఆడోళ్లకు, ఎక్కువ మంది దళిత కూలి మహిళలు, బడి మొఖం చూడనోళ్లు కూడా ఉన్నరు, వీడియో కెమెరా నేర్పిన్రు. వాళ్లు నేర్చుకున్న తీరు సినిమా కాలేజీల పాఠం చెప్పదగ్గది. ఇంగ్లీష్ షాట్ల పేర్లు పక్కన పెట్టి తమ పేర్లు పెట్టుకున్నరు. మనిషిని పై నుంచి కిందికి చూపిస్తే అది పటేల్ షాట్, పటేలు గద్దె మీద కూసొని జీతగాన్ని చూసినట్టు. కింద నుంచి మీదికి తీస్తే జీతగాడు పటేలును చూసినట్టు. కండ్లకు కండ్లు సరిగ్గ నిలబెట్టి తీస్తే సంఘం షాట్, సంఘంల అందరూ చాప మీద కూసుంటరు కదా, గట్ల. వరంగల్ దిక్కు బీటీ పత్తి రైతులు ఎందుకు మునిగిన్రో వాళ్లే ఊరూరు తిరిగి సినిమా తీసిన్రు. 2008లో వాళ్ల సంగం రేడియో మొదలైంది.

మనం ఫోన్‌ల తీస్తున్న వీడియోలు ఒకసారి ఈ కొలత పెట్టి చూడండి. మన పెండ్లిల ముసలవ్వను మనమే పటేల్ షాట్ల తీస్తున్నం, నిలబడి ఫోన్ కిందికి వంచి.

ఇంకో సంగతి. 2003లో యురేనియం కార్పొరేషన్ వాళ్లు సాగర్ ఒడ్డున లంబాపూర్, పెద్దగట్టుల తవ్వుతమన్నప్పుడు ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ఆ చుట్టుపక్కల తండాలు మనవే. 2019లో మళ్ల అమ్రాబాద్ నల్లమలల యురేనియం మాట లేస్తే సినిమా హీరోలు కూడా ట్వీట్లు పెట్టిన్రు, సెప్టెంబర్‌ల అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ఇసొంటి సభలు మొత్తం వీడియో తియ్యాలె, అది రూల్. తీసేది సర్కారు పెట్టిన కెమెరామన్. మైకుల గొంతు సరిగ్గ పడకపోతే, గోర్ బోలిల మాట్లాడింది రికార్డుల "స్థానిక భాషల ఏదో అన్నరు" అయిపోతే, అడిగేటోడు ఉండాలె. జార్ఖండ్‌ల శ్రీప్రకాశ్ అనే ఆయన జాదుగూడ యురేనియం గనుల కాడ ఆదివాసుల గతి మీద 1999లో "బుద్ధా వీప్స్ ఇన్ జాదుగూడ" తీసిండు. యురేనియం అంటే ఏందో చూపించాలంటే ఇప్పటికీ ఆ సినిమానే చూపిస్తరు. అదే జార్ఖండ్‌ల బీజూ టొప్పో అనే ఉరావ్ ఆదివాసీ, మేఘనాథ్‌తో కలిసి డాక్యుమెంటరీలు తీసి జాతీయ అవార్డులు తెచ్చుకున్నడు. నిరంజన్ కుజూర్ అనే ఇంకో ఉరావ్ పిల్లగాడు కలకత్తా సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌ల చదివి తమ కురుఖ్ భాషల సినిమా తీసిండు. బాపు అడిగిన "మనకెవలున్నరు"కు జార్ఖండ్‌ల జవాబు ఉంది.

ఇగ చదువు కాడికి వద్దాం. సినిమా చదువు మన దేశంల కొత్తది కాదు. మద్రాసుల 1945లోనే సినిమా టెక్నిక్ నేర్పే కోర్సు పెట్టిన్రు, ఇప్పుడది తరమణిల ఎంజీఆర్ పేరు మీదున్న సర్కారు ఇన్‌స్టిట్యూట్. పుణెల 1960లో పాత ప్రభాత్ స్టూడియో జాగల ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పెట్టిన్రు, 1974 నుంచి టీవీ శిక్షణ కూడా అక్కడికే వచ్చింది. కలకత్తాది 1995. ఈ రెండూ కేంద్ర సర్కారువి, ఎస్టీలకు 7.5 శాతం రిజర్వేషన్ ఉంటది. గని ఒక్కో కోర్సుల సీట్లు పది పన్నెండు. పది సీట్లకు 7.5 శాతం లెక్క కడితే ముప్పావు సీటు! ఆ ముప్పావును ఒకటి చేసుకునుడు మీ చేతుల, రోస్టర్ చేతుల ఉంటది. అయినా రాయాలె. సినిమా కోర్సులకు ఏ డిగ్రీ అయినా సరే, సౌండ్‌కు మాత్రం ఇంటర్ల ఫిజిక్స్ ఉండాలంటరు. మన ఎంపీసీ, బైపీసీ పిల్లలు ఇది యాది పెట్టుకోవాలె. ఏ ఏటికి ఆ ఏడు నోటిఫికేషన్ చూసుకోండి.

పుణె అంటే మనకు కొత్త ఊరు కాదు. కోస్గి, నారాయణపేట దిక్కు తండాల నుంచి మన యాడి-బాపులు దసరా పోయినంక బస్సెక్కి పుణె, బొంబాయి పోయి బిల్డింగులు కట్టి, ఎండాకాలం పోయినంక తిరిగి వచ్చినోళ్లే. పుణెల ఏ నాకా కాడ నిలబడితే కూలి దొరుకుతదో మన పెద్దోళ్లకు నోటికి వస్తది. అదే పుణెల లా కాలేజ్ రోడ్డు మీద సినిమా కాలేజీ ఉందని, దాంట్ల మనకు రాసిపెట్టిన సీటు ఉందని ఎవలూ చెప్పలే.

హైదరాబాద్‌ల చూస్తే ఉస్మానియాల జర్నలిజం శాఖ 1954 నాటిది. సెంట్రల్ యూనివర్సిటీల సరోజినీ నాయుడు స్కూల్‌ల కమ్యూనికేషన్ పీజీ ఉంది, వీడియో ప్రొడక్షన్ చేతులతో నేర్పుతరు. మాసబ్ ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీల ఫోటోగ్రఫీ డిగ్రీ ఉంది. అన్నపూర్ణ స్టూడియో వాళ్లు 2011లో కాలేజీ పెట్టిన్రు. ప్రైవేటుల ఫీజు లక్షలల్ల ఉంటది, రీయింబర్స్‌మెంట్ వస్తదా రాదా అన్నది అడ్మిషన్ కాకముందే కాగితం మీద చూసుకోవాలె. "తర్వాత వస్తది లే" అన్న మాట నమ్మి మాలో ఒకరు రెండు సెమిస్టర్ల కాడ ఆగి ఇంటికి వచ్చిండు, ఎకరం కుదువ పెట్టి.

మా అభిప్రాయం అడిగితే ఉన్నదున్నట్టు చెప్తం. మొదలు డిగ్రీ సర్కారు కాలేజీల పూర్తి చేయండి. ఇంటర్ కాంగనే మూడు నెలల డైరెక్షన్ డిప్లొమా అని బోర్డు పెట్టినోళ్ల దగ్గరికి పోవద్దు. పీజీకి సెంట్రల్ యూనివర్సిటీ, ఉస్మానియా ఎంట్రెన్సులు రాయండి, పక్కనే పుణె, కలకత్తా పరీక్ష రాయండి. చేరే ముందు ఒక్కసారి కాలేజీకి పోయి ఎడిటింగ్ గది చూపియ్యమనండి. ఎన్ని మిషన్లున్నయి, పిల్లలు ఎంతమంది, కెమెరా ఇంటికి ఇస్తరా, ఎన్ని దినాలు ఇస్తరు? గేటు కాడ హీరోల ఫోటోలు చూసి చేరొద్దు.

అందరూ డైరెక్షన్ అంటరు. మేం మాత్రం సౌండ్, ఎడిటింగ్ అంటం. డైరెక్టర్ ఛాన్స్ కోసం కృష్ణానగర్ రూముల పదేండ్లు ఆగుడు మన ఇండ్లకు అయ్యే పని కాదు. ఎడిటింగ్ వచ్చిన పిల్లకు టీవీల, వెబ్ చానళ్లల్ల, యూనివర్సిటీల వీడియో పాఠాలల్ల నెల జీతం దొరుకుతది. సౌండ్ తెలిసినోళ్లు ఎక్కడైనా తక్కువే. ఇంకో లెక్క కూడా ఉంది. తీజ్ పాటలు, పెండ్లిల ఢావ్లో ఏడుపులు పాడే అవ్వలు ఏటేటా తగ్గిపోతున్నరు. యూట్యూబుల డీజే కొట్టుడు మీద వచ్చేది వేరే, ఆమె గొంతు, ఆమె ఊపిరి, వెనక వాకిట్ల మేక అరుపుతో సహా సక్కగ రికార్డు చేసుడు వేరే. అది చదువుకుంటేనే వస్తది.

కష్టాలు కూడా చెప్తం. మండలాలల్ల టీవీ స్ట్రింగర్లకు జీతమే ఉండదు, ఆ పని చేసే మన తమ్ముళ్లు వార్త పంపుతరు, పెట్రోల్ పైసలు జేబుల నుంచి పెట్టుకుంటరు. సినిమాల పని ఉన్ననాడు ఉంటది, లేననాడు లేదు. ఆడపిల్లలకు రాత్రి షిఫ్టులు, హాస్టల్ దూరం. అందుకే ఆ దేవరకొండ చెల్లె బాపుతో మేం మాట్లాడినప్పుడు బీఈడీ వద్దని చెప్పలే. "మామా, ఒక్క ఏడు ఎంట్రెన్సులు రాయనియ్. సర్కారు యూనివర్సిటీల సీటు, హాస్టల్ వస్తేనే పోతది, రాకపోతే బీఈడీ చేస్తది" అన్నం. మామ కొంచెంసేపు ఊకున్నడు. "ఆ టీవోల్లు మన తండాకు వచ్చిన్నాడు నేను కూడా మాట్లాడిన, అర్ధగంట. ఒక్క ముక్క ఎయ్యలే" అన్నడు. అది 2001 ముచ్చట. ఇన్నేండ్లల్ల ఆయన ఆ మాట ఇంట్ల ఎన్నడూ చెప్పలేదట. చెల్లె ఫీజు కట్టింది.

చివరగ ఒక పని ఉంది. అమ్రాబాద్‌ల హైమెండార్ఫ్ తీసిన ఫోటోలు ఇప్పుడు లండన్‌ల సోయాస్ యూనివర్సిటీల ఉన్నయి, చాలా వరకు ఇంటర్నెట్ల చూడొచ్చు. కోర్సుల చేరిన మన పిల్లలకు ఎట్లాగూ ప్రాజెక్టు ఇస్తరు. ఎవలన్నా ఆ ఫోటోలు ప్రింట్ తీసుకొని మన్ననూరు నుంచి అప్పాపూర్ దాక పెంటలు తిరిగి, ముసలోళ్ల ముంగట పెట్టి, ఈమె ఎవలు, ఈయన పేరేంది, ఈ చెట్టు ఇప్పుడు ఉందా అని అడిగి, వాళ్ల గొంతుతోనే రికార్డు చేసుకొని రావాలె. అటవీశాఖ పర్మిషన్ కావాలె, ఎండాకాలం కంటే ముందే పోవాలె. పోదామనుకునేటోళ్లు చెప్పండి, మాలో అచ్చంపేట దిక్కువాళ్లు ఇద్దరు తోడు వస్తమంటున్నరు.